చెరువులోకి దిగిన మందు

"చచ్చాయి మేడమ్!" అని సలోమి కేకేసింది.

పెట్రి ప్లేటులో మందు వేసిన చోట రూపాయి బిళ్ళంత మేర బాక్టీరియా మాయమైంది. రేపల్లె కాలేజీ ల్యాబ్‌లో పిల్లలంతా చుట్టూ మూగారు.

ఆ కాలంలో కాలేజీల్లో మాలిక్యూల్ ప్రింటర్లు ఉండేవి. తెర మీద అణువు బొమ్మ గీస్తే గంటలో పొడి చేసిచ్చేవి. లెక్చరర్ వకుళ ఆర్గానిక్ కెమిస్ట్రీ అంతా దాంతోనే చెప్పేది. పెన్సిలిన్‌లో నాలుగు పరమాణువుల వలయం ఒకటుంటుంది. బాక్టీరియాను తన చుట్టూ గోడ కట్టుకుని బతకనివ్వనిది అదే. మొండికేసిన బాక్టీరియా ఒక ఎంజైమ్‌తో ఆ వలయాన్ని తెంపేస్తుంది. ఎంజైమ్ దగ్గరికి రాకుండా వలయం పక్కన పరమాణువుల గుత్తి ఒకటి అడ్డం పెట్టమంది వకుళ. సలోమి పెట్టిన గుత్తి సరిపోయింది.

"ఇది ఇప్పుడే ఎవరూ వాడకూడదు. వాడినకొద్దీ బాక్టీరియా దీన్నీ తెంపడం నేర్చుకుంటుంది" అని వకుళ హెచ్చరించింది.

ఆ నెలలోనే సలోమి తండ్రి ఏసుపాదానికి రొయ్యల చెరువులో కూలిపని చేస్తుండగా కాలు కోసుకుంది. పుండు మోకాలిదాకా పాకింది. ఉన్న మందులేవీ పనిచెయ్యలేదు. కాలు తీసినా బతకడం అనుమానమేనన్నారు. సలోమి నోరు తెరిచి అడగలేదు, ల్యాబ్‌లో నిలబడి ఏడ్చింది. వకుళే ప్రింటర్ మీట నొక్కి, డాక్టరును ఒప్పించింది. తొమ్మిదో రోజుకు ఏసుపాదం లేచి నడిచాడు.

మరుసటి ఏడు వకుళకు కిడ్నీలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. అదే మందు మూడు రోజులు ఎక్కించినా జ్వరం దిగలేదు. సలోమి పరీక్ష చేసి చూస్తే మందు చుట్టూ బాక్టీరియా దట్టంగా పెరిగి ఉంది.

"మనం నీ ఒక్కడికే ఇచ్చాం కదా నాన్నా! ఇవెక్కడ నేర్చుకున్నాయి?" అంది ఆసుపత్రి వరండాలో.

ఏసుపాదం తల వంచుకున్నాడు. "మా చెరువు ఆసామి నా కాలు చూసి ఏం మందని అడిగాడమ్మా. నీ నోట్సు చూపించా. ఎక్కడో ప్రింటు చేయించాడు. రొయ్యలకు తెగులు రాకుండా రోజూ చెరువుల్లో కలుపుతున్నాం. ఆ నీళ్ళు ఊరి కాలవలోకే పోతాయి. బస్తాలు మోసేది నేనే."

సలోమి లోపలికి వెళ్ళింది.

"ఎలా నేర్చుకున్నాయో తెలిసిందా?" వకుళ గొంతు పీలగా ఉంది.

"లేదు మేడమ్."

"పోనీలే. మీ నాన్న నడుస్తున్నాడా?"

"నడుస్తున్నాడు మేడమ్."

వకుళ తృప్తిగా కళ్ళు మూసుకుంది. మర్నాటికి లేదు.

ఏసుపాదం చెరువు పని మానేశాడు. ఆసామి బస్తాలు మొయ్యడానికి అతని చోట ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు.