శుక్రవారం దగ్గే కాలవ

ఆ కాలవకు మంచి పేరు లేదు.

అరబ్బోళ్ళ దేశంలో, హుఫూఫ్ ఊరి అవతల, ఖర్జూరం తోటల మధ్య ఉంది అది. పాతకాలం నీళ్ళ కాలవ. భూమి అడుగున సొరంగం మాదిరి పోతుంది. నీళ్ళు ఎండిపోయినాక దాన్ని బాగుచేసి మ్యూజియం చేసినారు. గోడలకు బల్బులు, నీళ్ళు తోడే తోలు బానలు, చెక్క తూములు, గేటు కాడ టికెట్టు. సగం దూరం పోయినాక ఇనప కమ్మీలు అడ్డం. కమ్మీల అవతల బల్బులు లేవు...

ఆ అవతలే ఉండేదంట అది.

కువైట్ యుద్ధం అయిపోయిన మరుసటేడు సంగతి. శుక్రవారం పొద్దుగూకితే చాలు, ఆ చీకట్లో ఎవరో దగ్గుతారంట. అంతవరకు పోయినోళ్ళకు కళ్ళు మండి, గొంతు పట్టేస్తుందంట. ఒకామె కమ్మీల సందులోంచి చూసింది కూడానంట. ఒళ్ళు మనిషిదే... మూతి మాత్రం ముందుకు పొడుచుకొచ్చి, కళ్ళు గుండ్రంగా, రెప్పలే లేకుండా...

కువైట్‌లో నూనె బావులు తగలబడినప్పుడు ఆ నల్లపొగ మీద ఎక్కి వచ్చిన జిన్ను అన్నారు అందరూ.

ఇది నాకు మాబున్నీ చెప్పింది. మా రాయచోటి పక్కామె. అల్ ఖోబర్‌లో ఒక అరబ్బోళ్ళ ఇంట్లో పనికుండేది. నలుగురిలో నోరు తెరిచే మనిషి కాదు. ఆమె చెప్పింది కాబట్టే నేను నమ్మినాను.

ఒక శుక్రవారం ఇంటాయన పెండ్లాన్ని, నాలుగేళ్ళ కూతురు నూరాను తీసుకోని కాలవ చూడటానికి బయలుదేరినాడు. ఇంటాయన్ని బాబా అనేవాళ్ళు, ఆమెను మేడం అనేవాళ్ళు. పిల్లను పట్టుకునేదానికి మాబున్నీ. కారు తోలేది ఖాజావలి, వాడూ మా దిక్కోడే. దారి పొడుగునా వాడికి ఒకటే ఎకసెక్కం.

“అక్కా, నీకు దగ్గు ఉందా?”

“లేదే.”

“అయితే ఆడికి పోయినాక దగ్గు వినపడితే అది నీది కాదు. గుర్తు పెట్టుకో.”

మాబున్నీ పిల్లను దగ్గరికి తీసుకుంది.

కారు దిగుతానే మేడం ఒక్క మాట చెప్పింది — పిల్ల చెయ్యి వదలొద్దని. చెప్పాల్సిన పనే లేదు. ఆరు నెలల బిడ్డప్పటి నుంచి ఆ పిల్లను సాకింది మాబున్నీ. యుద్ధంలో సైరన్ కూసిన రాత్రులన్నీ ఒళ్ళో పెట్టుకోని కూచుంది ఆమే.

సాయంత్రం దాకా అంతా బాగుంది. కాలవ చూసినారు, చెట్ల కింద చాప పరిచి తిన్నారు, చాయ్ తాగినారు. మగ్రిబ్ బాంగు వినపడింది. బాబా, ఖాజావలి నమాజుకు పోయినారు. మేడం చాప మీదే నమాజుకు నిలబడింది.

మాబున్నీ పిల్ల చెయ్యి వదిలింది. ఎంతసేపు? ఫ్లాస్కు మూత బిగించేంత సేపు.

తిరిగి చూస్తే... నూరా లేదు.

సొరంగం మెట్ల మీద చిన్న ఎర్ర చెప్పు ఒకటి పడి ఉంది.

మేడం గుండెలు బాదుకుంటా తోట వైపు పరిగెత్తింది. గేటు కాడి ముసలాయన చెప్పును చూసి వెనక్కి జరిగినాడు. “శుక్రవారం నేను దిగను. జీతం కోసుకున్నా దిగను.”

అంతలో ఖాజావలి వచ్చినాడు.

“ఖాజా, నువ్వు రారా తోడు!”

“నాకు ముగ్గురు పిల్లోళ్ళున్నారక్కా...”

“నాకు నలుగురున్నారు!”

“టార్చి ఇస్తా తీసుకో.”

మాబున్నీ బిస్మిల్లా అనుకోని దిగింది.

ఒక్కో మెట్టూ చల్లగా ఉంది. బల్బులు ఆర్పేసినారు. టార్చి వెలుగులో గోడ పట్టుకోని నడిచింది.

“నూరా...”

పలకలేదు.

ఇంకొంచెం పోయింది. కమ్మీలు వచ్చినాయి. ఒక కమ్మీ వంగి ఉంది — పెద్దోళ్ళకు చాలదు, పిల్ల దూరొచ్చు.

అప్పుడు వినపడింది.

ఖళ్... ఖళ్... ఖళ్...

మాబున్నీకి కళ్ళు మండినాయి. గొంతులో ఎవరో వేలు పెట్టినట్టయింది. వెనక్కి తిరిగి పారిపోదామా అంటే... పిల్ల?

“మా... బూ...”

కడవలోంచి పిలిచినట్టు ఉంది గొంతు.

టార్చి అటు తిప్పింది. పసుపు గౌను. నూరా గౌనే. నూరా చేతులే. కానీ గౌను మీద ఉండాల్సిన మొహం... నూరాది కాదు. గుండ్రటి గాజు కళ్ళు. ముందుకు పొడుచుకొచ్చిన మూతి.

యా అల్లా! పిల్లను కూడా తన జాతిలో కలిపేసుకుందే!

దాని వెనకాల, మినుకుమినుకుమనే నిప్పుల పక్కనుంచి, పొడుగ్గా ఇంకొకటి లేచింది... దగ్గుతా...

మాబున్నీ అరుద్దామని గట్టిగా గాలి పీల్చింది. తుమ్ము వచ్చింది. ఇంకో తుమ్ము వచ్చింది. మూడో తుమ్ముకు ఆగిపోయింది.

ఆ వాసన...

ముక్కెగబీల్చి మళ్ళా చూసింది. పెనం మీద ఎండుమిరపకాయలు కమిరే వాసన!

“ఎవురది... మిరక్కాయలు ఏంచేది?” అని తెలుగులోనే గుసగుసగా అడిగింది.

పొడుగాటిది చేతిలో గరిటె జారవిడిచింది.

“అవ్వో! తెలుగామెవా అక్కా?”

దాని పేరు రాజేశం. జగిత్యాల దిక్కోడు. పగలు కాలవలో మట్టి ఎత్తే కూలీ. కండ్లల్లో నీళ్ళు ధారగా కారుతా ఉన్నాయి.

“గా పోరి గిట్ల దూరి అచ్చింది అక్కా. గాటుకు ఏడుస్తుంటె నా మాస్కు తీసి దానికి వెట్టిన. లడాయప్పుడు మా కంపిని ఇచ్చిన గ్యాస్ మాస్కు. మిరుపకాయలు ఏంచుటానికి దానంత మంచిది లేదు, తినుటానికి తీస్తెనే దగ్గు.”

“ఈ గుంతలో వంటేందన్నా? జనం జిన్ను అనుకుంటాండారు!”

“ఏం జెయ్యాలె? లడాయిల ఒకనాడు రూముల ఏంచిన. గ్యాస్ బాంబు వడ్డదని బిల్డింగంత మాస్కులు వెట్టుకొని సడకు మీదికి ఉరికింది. పోలీసులు గూడ అచ్చిండ్రు. మల్ల మిరుపకాయ వాసనొస్తే పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్దర కొట్టి ఇంటికి పంపుత అన్నడు మా ముదీరు, గదే మా మేనేజరు. కారం లేకుంట బుక్క దిగదాయె. అందుకే శుక్రారం సుట్టీనాడు తోటల దిక్కు నుంచి దిగుత. ఎవ్వలకు చెప్పకు అక్కా, నీ కాల్మొక్త...”

మాబున్నీ పిల్ల మొహానున్న మాస్కు తీసింది. నూరా కిలకిలా నవ్వుతా ఉంది. కమ్మీల సందులోంచి పిల్లను లాక్కోని రొమ్ముకు అదుముకుంది. అప్పుడొచ్చింది ఏడుపు.

రాజేశం ఖుబూస్ రొట్టె ముక్కలో రెండు వేంచిన మిరపకాయలు, ఇంత ఉప్పు పెట్టి చుట్టి కమ్మీల్లోంచి అందించినాడు. “తిను అక్కా. దెయ్యం పెట్టిందనుకో.”

ఎన్నేళ్ళయిందో ఆ రుచి చూసి. నిలబడే తినేసింది.

పైకి వచ్చేసరికి అందరూ మెట్ల కాడ ఉన్నారు. మేడం పిల్లను లాక్కుంది. బాబా మోకాళ్ళ మీద కూచున్నాడు.

“లోపల ఏం చూశావు నూరా?”

మాబున్నీ మెట్ల దిక్కు చూసింది. పిల్లకు అబద్ధం తెలియదు. ఇంక రాజేశం పని అయిపోయినట్టే...

నూరా ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

“ఒకాయన నిప్పు మీద ఎర్రటి వేళ్ళు కాల్చుకుంటున్నాడు.”

ముసలాయన చేతిలో తాళాలు గలగలలాడినాయి.

“నాకు కళ్ళు మండితే, ఆయన మొహం ఊడదీసి నాకు పెట్టాడు. దాని కింద ఇంకో మొహం ఉంది. అది ఏడుస్తా నవ్వుతా ఉంది.”

ముసలాయన మెట్ల తలుపుకు రెండు తాళాలు వేసి, ఇంకమీద శుక్రవారం మధ్యాహ్నానికే మూసేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. బాబా తిరుగు దారంతా ఏవో చదువుతా పిల్ల మీద ఊదుతానే ఉన్నాడు.

సగం దూరం వచ్చినాక ఖాజావలి తల తిప్పకుండా, తెలుగులో, చాలా మెల్లగా అడిగినాడు.

“అక్కా... ఆ ఎర్ర వేళ్ళు... నువ్వు చూసినావా?”

మాబున్నీ తలగుడ్డ సర్దుకుంది.

“చూసినా,” అంది. “రెండు తిన్నా గూడా.”