అరువు ఓటు

కుజగ్రహం మీది ఆ కాలనీలో గాలి ఆడాలన్నా ఓటు పడాల్సిందే. గోపురాల కింద ప్రాణవాయువును నడిపే సాఫ్ట్‌వేర్ అందరి ఉమ్మడి సొత్తు. ఎవరైనా అందులో మార్పు రాయవచ్చు. రాసినవారికి తప్ప సభలో మిగతా అందరికీ ఓటుంటుంది; మెజారిటీ వస్తే మార్పు అమలవుతుంది. ఇంతకంటే న్యాయమైన పద్ధతి భూమి మీద కూడా లేదని కాలనీవాళ్లు గొప్పలు పోయేవారు.

ఆ రోజు సాయంత్రానికి ధూళి తుఫాను రావచ్చన్నారు. తుఫానులో గాలి వచ్చే కవాటాలు వాటంతటవే మూసుకునేలా ఎవరో రాసిన మార్పు ఓటుకు వచ్చింది. అన్ని చేతులూ లేచాయి, ప్రోగ్రామర్ వకుళది తప్ప.

"ఇది అమలైతే తుఫాను తగ్గాక కూడా శిశుశాల కవాటం తెరుచుకోదండీ," అంది వకుళ. ఆమె కూతురు ఉండేది ఆ శిశుశాలలోనే.

"ఇంతమందిమి పొరబడతామా అమ్మా?" అన్నాడు అధ్యక్షుడు పరాంకుశం.

"ఇంతమందీ కోడ్ చదివారా అనే నా అనుమానం. మీ మనోతూకంతో చూడండి."

మనోతూకం ఆయన కొత్తగా కనిపెట్టిన యంత్రం. నుదుటి పట్టీలోని సెన్సార్లు మెదడులో అభిప్రాయం ఎలా పుట్టిందో పసిగడతాయి. చదివి, ఆలోచించి వేసింది సొంత ఓటు. పక్కవాళ్లను చూసి వేసింది అరువు ఓటు. తన యంత్రం మీద మోజుకొద్దీ పరాంకుశం వెంటనే సరేనన్నాడు.

అందరూ పట్టీలు పెట్టుకున్నారు. "సొంత ఓటు ఒక్కటే, వకుళగారిది," అంది యంత్రం. "మిగతావన్నీ అరువు."

పరాంకుశం ముఖం చిన్నబోయింది. పక్కనున్న కవాటాల ఇంజనీరు యోహానుతో, "మీరు చదివే ఉంటారనుకున్నాను," అన్నాడు.

"నేను మీరు చదివారనుకున్నానండీ."

మళ్లీ ఓటు పెట్టారు. ఈసారి చేతులన్నీ వకుళ వైపే. మార్పు వీగిపోయింది. ఆమె ప్రాణం కుదుటపడింది. అంతలో యంత్రం మళ్లీ పలికింది.

"సొంత ఓటు ఒక్కటే. మిగతావన్నీ అరువు."

వకుళకు మొదటిసారి భయం వేసింది. కవాటాలు మూసుకోకపోతే ధూళి చేరేదీ ఆ శిశుశాలలోకే. తన లెక్కే తప్పయితే?

"నేనూ పొరబడి ఉండొచ్చు. దయచేసి ఒక్కరైనా చదివి చూడండి," అంది.

యోహాను పట్టీ తీసి బల్ల మీద పెడుతూ ఆప్యాయంగా నవ్వాడు.

"మీరు చదివారు కదండీ. మాకదే చాలు."