గంటలో దూది

మంత్రాలయం రోడ్డు మీద అబ్రహామును లారీతో గుద్ది చంపినవాళ్లు అతని పర్సు ముట్టుకోలేదు. వాచీ ముట్టుకోలేదు. చొక్కా జేబులోని ఫ్లాపీ ఒక్కటే పట్టుకుపోయారు.

అది 1987. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు వెనక గదిలో, పత్తి బేళ్ల చాటున, రక్షణశాఖ రహస్య లైన్‌కు రిలే స్టేషన్ ఉంది. ఆ లైన్‌ను కాపలా కాసే కంప్యూటర్ ప్రోగ్రామ్ పేరు గరుడ. పేరైతే ఘనంగానే పెట్టారు. కరెంటు ఉందా, మిషన్ వేడెక్కిందా, లైన్ తెగిందా, ఇంతకు మించి దానికేమీ తెలియదు. ఎవడైనా లైన్ తెంచకుండా పక్కన క్లిప్పు తగిలించి వింటే సిగ్నల్ కాస్త తగ్గుతుంది, అంతే. గరుడ లెక్కలో అంతా క్షేమం. ఆ తగ్గుదలను పట్టి గంట మోగించే మాడ్యూల్, అంటే చిన్న ప్రోగ్రామ్ ముక్క, ఒకటి రాసి గరుడకు తగిలించాలి. అబ్రహాం చేస్తున్న పని అదే. ఇప్పుడది ఏజెంట్ రంగన్న నెత్తిన పడింది.

రంగన్న పత్తి దళారి వేషంలో, భుజాన తువ్వాలుతో మిల్లులో దిగాడు.

“పత్తి తడిసిందా సాబ్?” అన్నాడు కోడ్ ప్రకారం.

“తడిసింటే నీకెందుకు సూపిస్తానప్పా,” అన్నాడు స్టేషన్ ఆపరేటర్ రసూల్ సాబ్. అదీ కోడే.

గరుడను అమ్మిన కంపెనీ దాని లోపలి ప్రోగ్రామ్ చూపించదు. మాడ్యూల్ తగిలించడానికి ఒక్క సందు మాత్రం ఇచ్చింది. అంతా బాగుంటే మాడ్యూల్ సున్నా చెప్పాలి, తేడా వస్తే ఒకటి. జవాబు కాస్త ఆలస్యమైతే గరుడ దాన్ని బయటికి గెంటేస్తుంది. ఎందుకు గెంటిందో చెప్పదు. రంగన్న రాయడం, అది గెంటడం. తుపాకీ పట్టుకున్నవాడితో ఎలాగోలా తలపడొచ్చు గానీ, కారణం చెప్పనిదానితో ఏం చేస్తాం? కీబోర్డును నేలకేసి కొట్టాలనిపించింది.

ఎట్టకేలకు మాడ్యూల్ తగులుకుంది. అప్పుడు ఇంకో పీడ మొదలైంది. మిల్లు మోటారు స్టార్టయినప్పుడల్లా కరెంటు పడిపోయి, సిగ్నల్ తగ్గి, గోడ మీది గంట గణగణ మోగేది.

హెడ్‌క్వార్టర్స్ నుంచి ఫోన్. చీఫ్.

“గంట మోగుతోందా?”

“ఊరికే మోగుతోంది సర్. అదే నా బాధ.”

“మోగుతోంది కదా. కంపెనీ నుంచి మిస్ దేవకి వస్తోంది. రహస్యంగా మన మనిషే. ఆమె చెప్పినట్టు చెయ్యి.”

మిస్ దేవకి సొంతూరు ఆ పక్కనున్న ఎమ్మిగనూరే అయినా బెంగళూరు నుంచి దిగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, చేతిలో వానిటీ బ్యాగు.

“లిమిట్ ఇంకా టైట్ చెయ్యండి. లైన్ మీద ఈగ వాలినా మోగాలి,” అంది.

ఆర్డర్ ఆర్డరే. ఆ వారమంతా గంట ఊపిరి పీల్చుకోకుండా మోగింది.

రాకెట్ పరీక్ష లెక్కలు ఆ లైన్లో వెళ్లే రోజు వచ్చింది. అవి పరాయివాళ్ల చేతికి చిక్కితే అబ్రహాం ఉత్తపుణ్యానికి పోయినట్టే. పొద్దున్నే రంగన్న ఆర్డర్ పక్కన పెట్టి మాడ్యూల్ మార్చాడు. సిగ్నల్‌తో పాటు కరెంటు కూడా పడిపోతే అది మోటారు పని, మోగొద్దు. కరెంటు నిలకడగా ఉండి సిగ్నల్ ఒక్కటే తగ్గితే మోగాలి. గరుడ గెంటలేదు. గంట మోగలేదు. అన్నాళ్లకు రంగన్న ప్రాణం కాస్త కుదుటపడింది.

మధ్యాహ్నం ట్రాన్స్‌మిషన్ మొదలైంది. మిస్ దేవకి గంట కింద, లైన్ పెట్టె పక్కన స్టూలు మీద కూర్చుంది. రసూల్ సాబ్ టీ ఇచ్చాడు.

“గంట నిద్రపోయిందే. కంగ్రాట్స్,” అందామె.

ఆమె టీలో తెల్లగా ఏదో పడింది. జుట్టు మీద ఇంకొకటి. నల్ల కళ్లద్దాల మీద ఇంకొకటి. దూది.

రంగన్న తలెత్తాడు. గంట సుత్తి పిచ్చెత్తినట్టు కొట్టుకుంటోంది. చప్పుడు లేదు. దూది మాత్రం రాలుతోంది.

ఒక్క దూకుతో వెళ్లి మెయిన్ ప్లగ్గు పీకేశాడు. స్క్రీన్ ఆరిపోయింది. అప్పటికి లైన్లో వెళ్లింది హెడ్డింగ్ ఒక్కటే. లెక్కలు ఇంకా గడప దాటలేదు.

దేవకి చెయ్యి బ్యాగులోని పిస్తోలు మీద పడింది. రంగన్న తువ్వాలు ఆ చేతికి చుట్టుకుంది. పిస్తోలు కింద పడింది. బ్యాగులోని లిప్‌స్టిక్ నుంచి సన్నని తీగ లైన్ పెట్టెలోకి పోతోంది. దాని పక్కనే ఒక ఫ్లాపీ, మీద అబ్రహాం చేతిరాత.

“నేను మీ మనిషినే. హెడ్‌క్వార్టర్స్‌ను అడగండి, చెబుతుంది,” అంది దేవకి.

“చెబుతుంది. అది ఏమైనా చెబుతుంది,” అన్నాడు రంగన్న.

గంట ఊరికే మోగుతుంటే విసిగిపోయి ఎవరో ఒకరు దాని నోరు మూసేదాకా ఆగడమే ఆమె ప్లాన్. ఆ నోరు దేనితో మూస్తారో ఊహించలేదు, అంతే. మంత్రాలయం లాడ్జిలో భక్తుల వేషంలో కాచుకున్న ఆమె విదేశీ యజమానులను పోలీసులు పట్టుపంచెలతోనే పట్టుకొచ్చారు.

కోపమొస్తే రంగన్న నోట సొంతూరు పెద్దకడుబూరు మాట వచ్చేస్తుంది. “గంటలో దూది ఎవరు కుక్కినారు సాబ్?”

“నేనేనప్పా. వారం నుంచి తలకాయ పగిలిపోతాండాది. నువ్వు బాగుచేసినావని నాకేం తెలుసు? ఈడ దూదికేం కరువా?”

రంగన్న తిట్టబోయాడు. ఇంతలో ఫోన్ మోగింది. ఎవరి పర్మిషన్‌తో లైన్ ఆపావని చీఫ్ అడుగుతాడు, ఎత్తకముందే తెలుసు. అది మోగుతూనే ఉంది.

“సాబ్,” అన్నాడు రంగన్న, “ఇంకొంచెం దూది ఉండాదా?”