ఆదివారం మొక్క

కుండీకి ఒక పక్క నా చెయ్యి, ఇంకో పక్క ఆమె చెయ్యి.

షికాగో పక్కన నేపర్‌విల్‌లో తెలుగు చర్చివాళ్ళు పెట్టిన మొక్కల సేల్ అది. గులాబీరంగు గుత్తులతో రోడోడెండ్రాన్ ఒక్కటే మిగిలింది. ఇద్దరం వదల్లేదు. ఆమె పేరు పర్సిస్ అట, ఫిజికల్ థెరపిస్ట్, ఉండేది మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో, బాల్కనీ కూడా లేదు. నాకు పెరడుంది కానీ మొక్కల ఓనమాలు రావు.

"మీ పెరట్లోనే పెట్టండి. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి చూసిపోతా," అంది.

ఆ ఇల్లు కొని అప్పటికి ఏడాది. గడప దాకా వచ్చిన మనుషులు డెలివరీవాళ్ళే. శుక్రవారం మీటింగ్‌లో బై చెప్పాక, సోమవారం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు. అలాంటిది ఆదివారాలు రెండు కప్పులు కడగడం మొదలైంది. పది నిమిషాలకని వచ్చి రెండు గంటలు కూర్చునేది, నేను వంకరగా కూర్చుంటానని క్లాసు పీకేది. ఆమె కారు మలుపు తిరిగాక ఇల్లు ఇంకా ఖాళీగా అనిపించేది.

అందుకే మొక్కను అతిగా ముద్దుచేశాను. మా వీధిలో రాధారాణి ఆంటీ గులాబీలకు గుడ్డు పెంకులూ బూడిదా వేస్తుంది. నేనూ వేశాను, వారంవారం. సెప్టెంబరుకి ఆకులు పసుపురంగుకి తిరిగాయి. నర్సరీలో అడిగితే తల పట్టుకున్నారు. దీనికి పుల్లటి నేల కావాలి, సున్నం పడదు, వేళ్ళు పైపైనే ఉండాలి. నేను మూరెడు లోతున పాతి, పైన పెంకులూ బూడిదా అంటూ సున్నమే పోశాను.

అప్పుడు పర్సిస్ మూడు వారాలు టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో వాళ్ళక్క దగ్గరుంది. నర్సరీ క్లియరెన్స్ సేల్‌లో అదే సైజు రోడోడెండ్రాన్ కొన్నాను, లేబుల్ ఊడిపోయి పూల రంగు తెలీలేదు. మట్టి మార్చి, గట్టులా పోసి, పైపైనే నాటాను. పాతది పారేయడానికి చేతులు రాక, వెనక పైన్ చెట్టు కింద పెట్టి, రాలిన ఆకులు కప్పాను.

తిరిగొచ్చి, భలే తేరుకుందే అని మెచ్చుకుంది. మొక్క మార్చానని నేను చెప్పలేదు. నిజం చెబితే ఆదివారాలు పోతాయని భయం. చలికాలమంతా ఆ భయంతోనే టీ పెట్టాను.

మే నెలలో మొగ్గ విచ్చింది, తెల్లగా. కత్తెర పట్టుకుని వెళ్ళి, కొయ్యలేక వెనక్కొచ్చాను.

ఆదివారం ఆమె చాలాసేపు చూసింది. "లోకేష్, ఇది మన మొక్క కాదు."

"కాదు. అది నా చేతుల్లోనే పాడైంది. చెబితే మీరిక రారని..."

ఆమె కప్పు కింద పెట్టింది. పాతదేదని అడిగింది. పైన్ చెట్టు కిందికి తీసుకెళ్ళాను. చర్చి చీరతోనే తడిమట్టిలో కూర్చుని ఆకులు పక్కకు తీసింది. ఎండుపుల్ల చివర గోరంత చిగురు. శరత్కాలం నుంచి నేను అటు పోనేలేదు.

"నీ సేవ తప్పింది, బతికింది," అంది. తలెత్తకుండానే చెప్పింది. "అక్క టెక్సస్ వచ్చేయమంటోంది. అక్కడ జాబ్ కూడా చూసింది. ఇక్కడ మొక్క ఉంది, రాలేనన్నాను. మొక్క కోసం ఎవరైనా ఆగుతారా అని నవ్వింది."

నేను ఆ చిగురు చుట్టూ ఆకులు మళ్ళీ సర్దాను.

"ఇది పూయడానికి ఇంకో రెండేళ్ళు పడుతుంది," అంటూ ఫోన్ తీసి, నంబరు నొక్కి, నా చేతిలో పెట్టింది. "అక్క. నేనెందుకు రానో నువ్వే చెప్పు."

అటునుంచి హలో వినిపించింది. ఈసారి నిజమే చెప్పాను, ఆగేది మొక్క కోసం కాదని.