క్రాంప్ రేవు పిలుపు

పొద్దువాలాక క్రాంప్ రేవు వైపు మా ఊళ్ళో ఎవరూ వెళ్ళరు. కుక్కలు కూడా ఆ మలుపు దాకా వచ్చి, మన మొహం చూసి, వెనక్కి తిరుగుతాయి.

రేవంటే ఇప్పుడు రేవు లేదు. ఓడర్ నది ఒడ్డున పైకప్పు కూలిన ఇల్లొకటి, దాని ముందు కొయ్య స్తంభానికి వేలాడే గంట. అంతే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నది సరిహద్దయింది, ఇటు జర్మనీ, అవతలి ఒడ్డు పోలండ్ అయింది. దాటించేవాడూ లేడు, దాటేవాళ్ళూ లేరు.

అయినా నవంబరు మంచు దిగిందంటే ఆ గంట మోగుతుంది. టింగ్… టింగ్… అని సన్నగా. గంటకు నాలుక లేదు. దాన్ని యుద్ధం చివరి చలికాలంలోనే సైనికులు పీక్కుపోయారు. మరి మోగేదేమిటి? నదిలో పోయిన పడవవాడు ఎవాల్డ్ క్రాంప్ గుండెల మీది పతకాలు, అంటారు మావాళ్ళు. ఆ చప్పుడైన కాసేపటికి అవతలి ఒడ్డు నుంచి ఒక ఆడగొంతు వస్తుంది—

"ఓ పడవయ్యా… దాటించూ…"

దానికి బదులు పలికినవాళ్ళు ఏడాది తిరగకుండా పోతారట. ఊళ్ళో బీరు కొట్టు నాది. ఇలాంటి మాటలు మూడో గ్లాసు తర్వాత రోజూ వింటాను, నవ్వుకుని గ్లాసులు కడుక్కుంటాను. ఇప్పుడు చెప్పేది మా ఫోల్కర్ చెప్పగా విన్నది. చివరి ముక్క మాత్రం నేనే చూశాను… చూడకుండా ఉంటే బాగుండేది.

ఫోల్కర్‌కి పాత సైనిక పతకాల పిచ్చి. ఆదివారాలు పట్నం సంతలో బల్ల వేసుకుని కూర్చుంటాడు. ఒకరోజు ఆ బల్ల దగ్గరికి యాభై దాటిన ఆవిడ వచ్చింది. పేరు ఎడెల్‌ట్రాడ్ వింటర్. చేతిరుమాలు విప్పి ఒక పతకాల పట్టీ బల్ల మీద పెట్టింది. కోటుకి గుచ్చుకునే పట్టీ, దాని మీద వరసగా మూడు రిబ్బన్లు.

ఆవిడ కథ చిన్నదే. యుద్ధం చివరి చలికాలంలో ఒక లారీ అనాథాశ్రమం గుమ్మంలో దించిపోయిన పసిపిల్ల. ఒంటి మీద దుప్పటి, దుప్పటికి ఈ పట్టీ. పేరు తెలియదు కాబట్టి ఆశ్రమం వాళ్ళు ఎడెల్‌ట్రాడ్ అని పిలిచి, ఇంటిపేరుగా కాలాన్ని బట్టి చలికాలం అనే పెట్టారు, వింటర్ అని. ఇప్పుడు డాక్టర్లు ఆవిడకు వచ్చే వసంతం దాకా గడువిచ్చారు.

"ఇది ఎవరిదో చెబితే చాలండీ. సమాధి రాయి మీదైనా నా సొంత పేరుండాలి," అందట.

పట్టీలో మొదటి రిబ్బనుకు పతకం లేదు, వెలిసిన పసుపు గుడ్డ మాత్రం ఉంది. తర్వాత ఐరన్ క్రాస్, యుద్ధంలో తెగువకిచ్చేది. ఆ తర్వాత మొదటి యుద్ధంలో పోరాడినవాళ్ళందరికీ ఇచ్చిన శిలువ. ఇంతకుముందు ఆవిడ అడిగినవాళ్ళందరూ ఇక్కడే బోల్తాపడ్డారు. మా ప్రష్యా, అంటే ఉత్తరాది మనిషి ఐరన్ క్రాస్‌ని అందరికంటే ముందు పెట్టుకోవాలి, అది నియమం. నియమం తప్పి పతకాలు గుచ్చుకునే మనిషి ఉంటాడని మావాళ్ళకి కల్లో కూడా తట్టదు. కాబట్టి వీడు దక్షిణాదివాడు, తన ప్రాంతపు రాజు ఇచ్చిందేదో ముందు పెట్టుకున్నాడు, అని తేల్చేశారు. పాపం, ఆవిడ సగం జీవితం దక్షిణాన, పసుపు రిబ్బన్లిచ్చే బాడెన్‌లో తలుపులు తట్టడంతోనే సరిపోయింది.

ఫోల్కర్ కూడా అదే పాట పాడాడు. పాడి, పట్టీని ఒక వారం అడిగి తీసుకున్నాడు. ఇంట్లో దీపం కింద మొదటి రిబ్బను కుట్టు కాస్త విప్పి చూస్తే… ఎండ తగలని మడతలో రంగు పసుపు కాదు. నారింజ. అంచున తెలుపు. అది మా ప్రష్యాదే, ప్రాణరక్షణ పతకం! చావబోయేవాణ్ణి తన ప్రాణానికి తెగించి కాపాడినవాడికి ఇచ్చేది.

దాన్ని ఐరన్ క్రాస్ కంటే ముందు పెట్టుకున్న మొండివాడు ఒకడే. వాడు మా కొట్టు గోడ మీద ఫోటోలో, సరిగ్గా ఫోల్కర్ కుర్చీకి ఎదురుగా, ఏళ్ళ తరబడి నిలబడే ఉన్నాడు. ఎవాల్డ్ క్రాంప్. చంపినందుకిచ్చింది వెనక, బతికించినందుకిచ్చింది ముందు అని అందరితో తగువు పెట్టుకునేవాడట.

ఫోల్కర్ ఆవిడను కారులో తీసుకొచ్చాడు. దారిలో ఆవిడ "ఎడెల్‌ట్రాడ్ క్రాంప్" అని మెల్లగా పలికి చూసుకుందట. మళ్ళీ ఒకసారి పలికిందట. క్రాంప్‌కి పెళ్ళీ పిల్లలూ లేరని ఫోల్కర్‌కి తెలుసు. కానీ ఆ మొహం చూశాక ఆ సంగతి దాచుకుని కారు పోనిచ్చాడు.

ముందు రేవు దగ్గరి ఇల్లు చూడాలంది. వాళ్ళు వెళ్ళేసరికి సాయంత్రమే చీకటిపడింది. నది మీద మంచు. అడుగు దూరంలో మనిషి కనపడడు.

టింగ్…

ఫోల్కర్ ఆగిపోయాడు. ఆవిడ ఆగలేదు.

"వింటర్ గారూ… వద్దు…"

టింగ్… టింగ్…

ఆవిడ నేరుగా స్తంభం దగ్గరికి నడిచి, గంట లోపలికి చెయ్యి పెట్టింది. చప్పుడు చటుక్కున ఆగింది. "ఇక్కడేదో కట్టి ఉంది," అంది. తీగ విప్పి తీస్తే నల్లబడ్డ వెండి పతకం. వేలితో రుద్దితే అక్షరాలు బయటపడ్డాయి: ప్రమాదం నుంచి కాపాడినందుకు.

దెయ్యం కాదు. గాలికి ఊగే పతకం! ఫోల్కర్ నవ్వబోయాడు. అప్పుడు నది అవతల నుంచి—

"ఓ పడవయ్యా… దాటించూ…"

ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్కటే పరుగు. తను భయపడలేదనీ, ఆవిడ ఆరోగ్యం గురించి ఆలోచించాననీ ఫోల్కర్ ఇప్పటికీ అంటాడు.

ఆయాసపడుతూ మా కొట్టులోకి వచ్చి పట్టీనీ పతకాన్నీ బల్ల మీద పెట్టారు. మూలన కూర్చుని మా అమ్మ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. డెబ్బై దగ్గరపడిన మనిషి. తలెత్తి చూసింది. కత్తి ఆగిపోయింది.

"అది క్రాంప్ మామది," అంది. "పిన్ను అడిగింది నేనే."

అమ్మ దుంపల వైపు చూస్తూనే చెప్పింది. ఆ చలికాలం సైన్యం పడవలు తిప్పొద్దంది, గంట నాలుక కూడా ఊడబీకింది. అవతల చూస్తే యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన జనం, మంచులో పిల్లలతో. మామ తన పతకం తీసి గంటలో కట్టాడు, ఒడ్డు ఎటుందో చప్పుడును బట్టి తెలియాలని. గంట తాడు లాగే పని పదహారేళ్ళ మా అమ్మకిచ్చాడు. పోతే మంచి బట్టల్లో పోతానని ఆదివారం కోటు తొడుక్కుని పడవెక్కాడు.

"చివరిసారి పడవ నిండిపోయిందట తల్లీ. ఒకావిడ నిన్ను ఆయన చేతుల్లో పెట్టి, ముందు దీన్ని దాటించు, తర్వాత నన్ను, అందట. నేను ఎత్తుకుంటే నీ దుప్పటి జారిపోతోంది. పిన్నుందా మామా అన్నా. కోటు నుంచి ఇది పీకి ఇచ్చాడు. వెనక పొడుగాటి పిన్ను లేదూ… అందుకు. ఇంకే అర్థమూ లేదు."

ఎడెల్‌ట్రాడ్ పట్టీని దగ్గరికి లాక్కుంది. "మరి మా అమ్మ పేరు?"

"ఎవరడిగారు? మామ ఆవిడ కోసం మళ్ళీ వెళ్ళాడు. రాలేదు. ఆవిడ తెల్లారేదాకా పిలుస్తూనే ఉంది. ఊరంతా విన్నాం. ఊళ్ళో ఇంకా పడవలున్నాయి… ఎవరం కదల్లేదు. తెల్లారాక నిన్ను లారీలో పంపేశాం. తర్వాత పిల్లలు ఆ పిలుపేమిటని అడిగితే, దెయ్యమని చెప్పుకున్నాం."

ఈ ముక్క అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. పట్టీ ఎవరిదో తేలిపోయింది. దాంతో ఆవిడ ఎవరో ఇక ఎప్పటికీ తేలదని కూడా తేలిపోయింది.

ఆవిడ ఏడవలేదు. పతకం చేతిలోకి తీసుకుని, మళ్ళీ కట్టేసి వద్దామంది. నేనూ వెళ్ళాను. తీగ బిగించింది నేనే. గాలి తగిలింది.

టింగ్…

"ఓ పడవయ్యా… దాటించూ…"

నా చెవులతో విన్నాను. ఆవిడ నీళ్ళ అంచుకు నడిచింది. వద్దని చెప్పేలోపే బదులు పలికింది.

"అమ్మా… నేనే. దాటాను. నా పేరేంటమ్మా?"

గంట ఆగింది. నది కూడా ఆగినట్టనిపించింది. అలా ఎంతసేపు నిలబడ్డామో తెలియదు… చివరికి వచ్చింది బదులు. అదే గొంతు, అవే మాటలు. దాటించమని, పడవయ్యని. పేరు లేదు.

వసంతం రాకుండానే ఆవిడ పోయింది. రాయి మీద వింటర్ అనే చెక్కారు. పట్టీ ఫోల్కర్ దగ్గరుంది, ఎంతిచ్చినా అమ్మడు.

ఈ నవంబరు మొదటి మంచు నిన్న దిగింది. బీరు పీపా లోపలికి దొర్లిస్తుంటే రేవు వైపు గంట మోగింది. వినకూడదనుకుంటూనే ఆగి విన్నాను. అవతలి ఒడ్డు నుంచి పిలుపు వచ్చింది.

ఒక గొంతు కాదు… రెండు.