మధ్యాహ్నం పడిపోయే బ్రేకర్

గంగారం దవాఖానకు కరెంటు తీగల కన్నా ముందు సోలార్ పలకలు వచ్చాయి. ఎనభై ఏడులో ఆ అడవిలో అదొక వింత. బస్సు దిగినవాళ్లు ముందు ఆ కప్పు వైపు చూసి, తర్వాతే తమ దారి పట్టేవారు.

పలకలు బ్యాటరీలను నింపితే, బ్యాటరీలు టీకా మందుల ఫ్రిజ్‌ను నడపాలి. కానీ మధ్యలో ఉన్న బ్రేకర్ స్విచ్చి కొన్నాళ్లుగా మధ్యాహ్నమయ్యేసరికి ‘టక్’మని పడిపోయి ఫ్రిజ్‌ను ఆపేస్తోంది. దాన్ని చూడటానికి జనగామ నుంచి మెకానిక్ లక్ష్మీకాంత్ వచ్చాడు. వానకు తడిసి ముద్దయి, చెప్పులు చేత్తో పట్టుకుని.

“సిస్టర్, దీనికి ఇస్త్రీపెట్టె గిట్ల పెట్టిన్రా?” అన్నాడు వస్తూనే.

నర్సు సరోజన అతన్ని ఎగాదిగా చూసింది. “నా చీర జూసి మీరే చెప్పున్రి.”

చీర నిజంగానే నలిగిపోయి ఉంది. గుమ్మంలో కూర్చున్న ఆయా మంగ్లీ కిసుక్కున నవ్వింది.

“మరి హీటరు?”

“హీటరుంటే ఇంత తడిసొచ్చినోళ్లకు వేడి చాయ్ ఇయ్యకపోదునా?”

లక్ష్మీకాంత్ పనిలో పడ్డాడు. అన్నీ ఆపి బ్రేకర్ లేపాడు. నిలిచింది. లైట్లు వేశాడు. నిలిచింది. ఫ్రిజ్ పెట్టాడు. కాసేపు గుర్రుమంది, ఆ తర్వాత ‘టక్’!

“ఫ్రిజ్ ఖరాబైంది సిస్టర్. వరంగల్‌కు పంపాలె.”

సరోజన ముఖం వాడిపోయింది. మందులు ఐసు పెట్టెలో ఉన్నాయి. ఐసు కరిగిపోతోంది. తెల్లవారితే తండాలో పిల్లలకు టీకాలు వేయాలి.

“పోయినేడు తట్టుతోని మన మంగ్లీ మనుమడు పోయిండు,” అంది మెల్లగా. “నాకు మిషన్ల సంగతి తెల్వది. కని ఫ్రిజ్‌దే తప్పని ఎట్ల చెప్తున్నరు? కడుపునొప్పి అన్నోళ్లందరికీ కడుపుల్నే రోగముంటదా?”

అతను చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. మంగ్లీ ఇప్పుడు నవ్వడం లేదు, వాకిలి వైపు తిరిగి కూర్చుంది.

ఈసారి బ్రేకర్‌ను తప్పించి, మధ్యలో ఒక ఫ్యూజు పెట్టి, ఫ్రిజ్ వైరును బ్యాటరీకి కలిపాడు. ఫ్రిజ్ హాయిగా నడిచింది. ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ నడిచింది. అప్పుడు బ్రేకర్ మీద చెయ్యి పెట్టి చూశాడు. చురుక్కుమంది. కనెక్షన్లన్నీ తీసి విప్పి చూస్తే లోపల స్క్రూ వదులై, రాగి తీగ నల్లగా మాడి ఉంది.

“జర ఇటు చూడున్రి. వైరు వదులైన కాడ వేడెక్కుతున్నది. మధ్యాహ్నం దాంక ఫ్రిజ్ నడిచి నడిచి, ఆ వేడికే బ్రేకర్ పడుతున్నది. ఫ్రిజ్ మంచిగనే ఉన్నది, నేనే తొందరపడ్డ.”

మాడిన కొస కత్తిరించి, సంచిలోంచి కొత్త బ్రేకర్ తీసి గట్టిగా బిగించాడు. ఇద్దరూ ఫ్రిజ్ ముందు పీటలేసుకుని కూర్చున్నారు, పసిబిడ్డ నిద్రను కనిపెట్టుకుని ఉన్నట్టు. అది ఆగింది. మళ్లీ గుర్రుమంది. బ్రేకర్ కదల్లేదు. సరోజన నవ్వింది. లక్ష్మీకాంత్ బ్రేకర్ చూడటం మరిచిపోయాడు.

వాగు పొంగి బస్సు రాలేదు. మర్నాడు ఐసు పెట్టె భుజాన పెట్టుకుని ఆమెతో పాటు బురదలో తండాకు నడిచాడు. ఏడ్చే పిల్లల్ని ఒళ్లో పట్టుకుని, సూది దిగేటప్పుడు తానే కళ్లు మూసుకున్నాడు.

“సారుకు గూడ ఒక సూది ఎయ్యమ్మా, భయం పోతది,” అంది మంగ్లీ. తండా అంతా నవ్వింది.

ఆ తర్వాత పిలవకపోయినా వస్తూనే ఉన్నాడు.

“మేం కంప్లేంట్ ఇయ్యలే గద?”

“ఇచ్చేదాంక ఆగుడెందుకని...”

బిగుతుగా ఉన్న స్క్రూనే మళ్లీ బిగించి, చాయ్ తాగి, చివరి బస్సుకు వెళ్లేవాడు. ‘సిస్టర్’ అనడం ఎప్పుడో మానేశాడు.

చలికాలంలో ఒకరోజు వచ్చేసరికి సరోజన ట్రంకుపెట్టె సర్దుతోంది.

“కేసముద్రం దవాఖానకు బదిలీ అయింది. బాపు ఒక్కడే ఉన్నడని నేనే అడిగిన.”

అతను సంచిని గుమ్మంలోనే దించాడు. “అక్కడ... కరెంటు ఉంటదా?”

“ఎందుకుండది? మీ అసుంటోళ్లతోని పనే పడది.”

“నాకు పడతది.” గొంతు సవరించుకున్నాడు. “మీతోని. ఫ్రిజ్ నడిచినా, నడవకున్నా.”

సరోజన మడతపెట్టిన చీరనే విప్పి మళ్లీ మడత పెట్టింది. “గీ మాట చెప్పనీకి ఇన్ని బస్సులెక్కిన్రా?”

“ధైర్యం చాలలే.”

“కేసముద్రానికి బస్సు గాదు, ప్యాసింజర్ రైలెక్కాలె. ఒక్కలే రాకున్రి. మీ అమ్మను తోల్కరాన్రి. బాపుతోని నేను మాట్లాడి పెడ్త.”

సంక్రాంతి దాటాక తల్లీకొడుకులు కేసముద్రం స్టేషన్లో దిగారు. బయట పత్తి లారీలు బారులు తీరి, గాలి నిండా దూది తేలుతోంది. సరోజన తండ్రి వెంకట్రాం స్వయంగా ఎదురొచ్చాడు. లక్ష్మీకాంత్ దారి పొడవునా నేర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి నిలబడ్డాడు.

వెంకట్రాం అతని తల్లి చేతిలోని సంచి అందుకున్నాడు. “పయనం మంచిగ జరిగిందా అక్కా?” అని అడిగి, ఇటు తిరిగాడు. “గట్ల ఎండల నిలబడ్డవేంది అల్లుడా? నడువు, ఇంటికి పోదాం.”

లారీ చాటున నిలబడిన సరోజన కొంగుతో ముఖం తుడుచుకుంది. జుట్టు మీద వాలిన దూదిని మాత్రం దులుపుకోవడం మరిచిపోయింది.