జంట ఊపిరి

2081 నాటికి విశాఖ శ్వాసవైద్యశాలల్లో మంచాల పక్కన మనుషులు నిలబడటం మానేశారు. ఆక్సిజన్, ఊపిరితిత్తుల పీడనం, నాడి అన్నీ వెంటిలేటరే చూసుకునేది. దానికి చేతకానిది ఒక్కటే, రోగిని తన నుంచి విడిపించడం. యంత్రం లయకు అలవాటుపడ్డ ఛాతీ సొంతంగా కదలడానికి మొండికేసేది.

అందుకే 'జంటశ్వాస' వచ్చింది. ఇంట్లోవాళ్లెవరైనా ఛాతీకి పట్టీ కట్టుకుంటే వెంటిలేటర్ వాళ్ల ఊపిరి లయలోనే రోగికి గాలి పంపుతుంది. తాలింపు ఘాటుకి వాళ్లు దగ్గితే ఆ దగ్గును వడకట్టేస్తుంది. రోగి ఊపిరి తీసినప్పుడల్లా పట్టీ మెల్లగా తడుతుంది. మనిషి లయకు జతపడ్డ రోగులు కొన్నాళ్లకు దాన్ని వదిలి తమ లయ అందుకునేవారు.

"జత కలపడానికి మీవాళ్లెవరైనా ఉన్నారా?" చేరేటప్పుడు వెంటిలేటర్ అందరినీ అడిగే ప్రశ్న ఇది. కొత్తగా చేరిన పైడమ్మ తల అడ్డంగా ఊపింది. చేపల రేవులో వేలం పాడిన గొంతులో గొట్టం పడింది.

డాక్టర్ కాదంబరి పట్టీ తనే కట్టుకుంది. ఫ్లాట్‌లో తన ఒక్క కంచం కడుక్కుంటుంటే పట్టీ తట్టేది. కుళాయి కట్టేసి, కాసేపు అలాగే నిలబడేది.

"గొట్టం తీసేద్దామా మేడమ్? ఉంచేకొద్దీ ఇన్‌ఫెక్షన్ భయం కదా," జూనియర్ ఇమ్మానుయేలు రోజూ గొణిగేవాడు.

"తెర చూడవయ్యా, మా ఇద్దరి ఊపిరి గీతలూ ఒకటే. ఇంకా నా లయ వదల్లేదు. తీస్తే ఆవిడ ఊపిరి ఆగిపోతుంది."

ఒక ఉదయం పైడమ్మకు జ్వరం వచ్చింది. కాదంబరి కంగారుగా వెంటిలేటర్‌ని అడిగింది: "ఈవిడ నా లయ ఎప్పుడు వదులుతుంది?"

"వదిలి చాలా రోజులైంది. నేను గాలి నెట్టడం కూడా అప్పుడే ఆపేశాను."

"మరి గీతలు కలిసే ఉన్నాయిగా?"

"ఉన్నాయి. ముందు ఆమె పీలుస్తున్నారు. వెనకే మీరు."

"చెప్పలేదేం?"

"రోజూ గీతలు కలిసి ఉన్నాయా అనే అడిగారు, డాక్టర్."

కాదంబరి గ్లవ్స్ వేసుకుని గొట్టం తీసింది. పైడమ్మ దగ్గి దగ్గి, కళ్లు తుడుచుకుంది.

"పక్కన ఎవులో ఉన్నట్టే ఉండీదమ్మా. నువ్వేటి?"

"నేనే."

"మరింకేటి, నన్ను ఒగ్గీ. రేవుకెల్లాల," అని నవ్వబోయి మళ్లీ దగ్గింది.

జ్వరానికి మందు పెట్టి ఇమ్మానుయేలు మంచాన్ని జనరల్ వార్డుకు తోసుకెళ్లాడు. కాదంబరి గదిలోనే ఉండిపోయింది. పట్టీ తట్టడం ఆగింది. తెర మీద ఒక్క గీతే మిగిలింది, వంకరటింకరగా.

"మీ ఊపిరి తడబడుతోంది, డాక్టర్," అంది వెంటిలేటర్. "జత కలపడానికి మీవాళ్లెవరైనా ఉన్నారా?"